సరుకు కదలడం మొదలయ్యాకే అసలు కష్టం: నిమ్మ స్క్వాష్ వ్యాపారంలో నా అనుభవం

మాది పొదలకూరు మండలం. మా ఇంట్లో నిమ్మతోట ఉంది. 2023 మార్చి నుంచి నిమ్మ స్క్వాష్ (నీళ్లలో కలుపుకుని తాగే చిక్కటి నిమ్మ పానీయం) తయారు చేసి నెల్లూరులోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ అమ్ముతున్నాం. అంతకు ముందు జనవరిలో నెల్లూరులో చిన్న పరిశ్రమల శిక్షణకు వెళ్లినప్పుడు, మార్కెట్లోకి వచ్చే ప్రతి వస్తువుకూ ప్రవేశం, ఎదుగుదల, నిలకడ, తగ్గుదల అనే నాలుగు దశలుంటాయని బోర్డు మీద గీత గీసి చూపించారు. వాటిలో ఏది ముఖ్యమని అడిగితే తరగతిలో చాలామంది ప్రవేశమే అన్నారు, మొదటి అడుగు పడకపోతే మిగిలినవేవీ ఉండవు కదా అని. ఈ వేసవి అమ్మకాలు ముగిసి, వసూళ్లు కూడా దాదాపు పూర్తయిన ఈ 2025 ఆగస్టులో నన్ను అడిగితే మాత్రం ఎదుగుదల దశ అని చెబుతాను. ఎందుకో తెలియాలంటే జరిగినవి జరిగిన వరుసలో చెప్పాలి.

ప్రవేశ దశ గురించి భయపెట్టే మాటలు చాలా విన్నాం కానీ, కాగితాల వరకు అది తేలికగానే గడిచింది. చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర చేసుకునే ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు, ఆధార్ ఉంటే ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. ఆహార భద్రతా సంస్థ దగ్గర, అప్పట్లో ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలున్న వారికి ఇచ్చిన ప్రాథమిక నమోదుకు ఏడాదికి 100 రూపాయల చొప్పున ఐదేళ్లకు 500 కట్టాను. రెండు వారాలు దాటాక 14 అంకెల నంబరు వచ్చింది. బయట ఇదే పనికి ఏజెంట్లు మూడు నాలుగు వేలు అడిగేవారు.

తయారీ నేర్చుకోవడానికే ఎక్కువ కాలం పట్టింది. ఇంట్లో షర్బత్ కలిపినట్టు కలిపితే స్క్వాష్ కాదు. నిబంధన ప్రకారం అందులో కనీసం 25 శాతం పండ్ల రసం ఉండాలి, చక్కెరతో సహా కరిగిన ఘనపదార్థం 40 శాతానికి తగ్గకూడదు. దాన్ని కొలవడానికి రిఫ్రాక్టోమీటరు అనే చిన్న గొట్టం కొన్నాం. గాజు పలక మీద ఒక్క చుక్క వేసి, మూత మూసి, వెలుతురు వైపు తిప్పి కంటితో చూస్తే లోపల నీలం, తెలుపు కలిసే గీత దగ్గర అంకె కనిపిస్తుంది. పాకం వేడిగా ఉండగా చూస్తే ఒక అంకె, చల్లారాక చూస్తే మరొక అంకె వస్తుంది. కాబట్టి ఎప్పుడూ చల్లారాకే చూడాలి. రసం తీసేటప్పుడు తొక్కను గట్టిగా నొక్కినా, గింజ నలిగినా పది రోజులకు చేదు తేలుతుంది. తీసిన రోజు రుచి చూస్తే ఆ చేదు తెలియదు, అందుకే ప్రతి వాయిలోనుంచి రెండు సీసాలు పక్కన పెట్టి నెల తర్వాత రుచి చూడడం అలవాటు చేసుకున్నాం.

ఆ మొదటి వేసవిలో పొదలకూరులో తెలిసిన కొట్లలోనూ, నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో మా తోడికోడలి పరిచయస్తుల అపార్ట్‌మెంట్లలోనూ అమ్మాం. 700 మిల్లీలీటర్ల సీసా ఎం.ఆర్.పి. 145, కొట్టుకు 115కు ఇచ్చేవాళ్లం, మాకు 65 రూపాయల దాకా ఖర్చయ్యేది. సీసా మీద యాభై రూపాయల దాకా మిగులుతుందని లెక్క కట్టుకుని సంతోషించాం. అమ్మకాలు తక్కువగానే ఉన్నా నిద్రకు లోటు లేని కాలం అది. ఇచ్చిన సరుకు ఎక్కడుందో, రావలసిన డబ్బు ఎంతో నోటి లెక్కలోనే ఉండేది.

నిమ్మ వ్యాపారంలో ఒక చిక్కుంది. వేసవిలో జనానికి స్క్వాష్ కావాలి, కానీ అప్పుడే కాయ ధర ఆకాశాన్ని అంటుతుంది. 2022 వేసవిలో కిలో వంద దాటి ఎంత దూరం పోయిందో ఈ జిల్లాలో ఎవరినడిగినా చెబుతారు. వానలు పడ్డాక కాయ విరగకాసి, పొదలకూరు యార్డులో అదే బస్తా కోత కూలి కూడా రాని ధరకు పోతుంది. కాబట్టి జులై నుంచి సెప్టెంబరు దాకా రసం తీసి, అది పాడవకుండా పొటాషియం మెటాబైసల్ఫైట్ కలిపి (మా దగ్గర అందరూ కె.ఎం.ఎస్. అనే అంటారు) ఫుడ్‌గ్రేడ్ డ్రమ్ముల్లో నిలవ పెట్టి, ఫిబ్రవరి నుంచి స్క్వాష్ చేయాలి. అంటే ఆగస్టులో పెట్టిన రూపాయి మే నెలకు గాని కంటపడదు. 2023 వర్షాకాలంలో ఇది చిన్న మొత్తంలో చేశాం కాబట్టి భారం తెలియలేదు.

అదే ఏడాది ఆగస్టులో సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకం, పి.ఎం.ఎఫ్.ఎం.ఇ. కింద తొమ్మిది లక్షల ప్రాజెక్టుకు దరఖాస్తు చేశాం. దరఖాస్తు నింపిపెట్టడానికి జిల్లాకు రిసోర్స్ పర్సన్లుంటారు, వారికి మనం ఏమీ ఇవ్వక్కర్లేదు. మా వాటా పది శాతం. ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు రాయితీ వస్తుంది. ఆ రాయితీ మన చేతికి రాదని ముందే తెలుసుకోవాలి. అది బ్యాంకులోనే ఉండి, అప్పు సక్రమంగా కడుతూ యూనిట్ నడుస్తుంటే మూడేళ్ల తర్వాత అప్పులో సర్దుబాటు అవుతుంది. బ్యాంకు ఫీల్డ్ ఆఫీసరు రెండుసార్లు మారడంతో మా ఫైలు నవంబరు దాకా కదలలేదు. డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను వచ్చింది, తోటలో కాయ రాలిపోయింది, కరెంటు లేక రసం డ్రమ్ములున్న గది తలుపు తీయాలంటేనే గుండె దడగా ఉండేది. మూత తీసి వాసన చూసి, బాగానే ఉందని నిర్ధారించుకున్నాక మా అత్తయ్య ఆ గది గడప దగ్గరే కొబ్బరికాయ కొట్టారు. అప్పు జనవరి చివర మంజూరైంది. రసం యంత్రం, ఆవిరి బాండీ, నింపే యంత్రం, మూతలు బిగించే యంత్రం మార్చి రెండో వారానికి బిగించారు. అప్పులో దాదాపు అంతా యంత్రాలకే పోయింది. చక్కెర, సీసాలు కొనడానికీ, కొట్లకు అప్పు పెట్టడానికీ చేతిలో మిగిలింది స్వల్పం.

ఎదుగుదల సరిగ్గా అక్కడ మొదలైంది. 2024 మార్చి చివరి నుంచే ఎండలు ముదిరాయి. ఆపైన అది ఎన్నికల వేసవి, మే 13న పోలింగ్. ప్రచారానికి తిరిగే వాళ్లకు మజ్జిగతో పాటు నిమ్మరసం కూడా పంచేవారు, పది పన్నెండు పెట్టెలు ఒక్కసారే కావాలని రాత్రి పదింటికి ఫోన్లు వచ్చేవి. స్టోన్‌హౌస్‌పేటలో ఒక హోల్‌సేల్ వ్యాపారి సరుకు తీసుకోవడంతో, మేము ఎన్నడూ చూడని ఆత్మకూరు, కావలి కొట్లలో కూడా మా సీసాలు కనిపించాయి. అప్పటి సంతోషం నిజమైనదే. మా మరిది ఫోన్‌లో కావలి కొట్టు ఫొటో పంపితే ఆ రాత్రి ఇంట్లో అందరం మళ్లీ మళ్లీ చూసుకున్నాం.

ఏప్రిల్ ఆఖరుకు పుస్తకం తెరిచి చూస్తే అమ్మకం ముందు వేసవికి ఎన్నో రెట్లు ఉంది, బ్యాంకు ఖాతాలో మాత్రం చక్కెర లారీకి కట్టడానికి కూడా లేదు. లెక్క ఇది. రెండు వేల సీసాల ఆర్డరు వస్తే లక్షా ముప్పై వేలు మేము ముందు పెట్టాలి. కొట్టు నుంచి ఆ డబ్బు రావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. ఈలోపు మరో రెండు వేల ఆర్డరు, ఆ తర్వాత మూడు వేలు. అమ్మకం పెరిగిన ప్రతిసారీ లాభం కంటే ముందు బాకీ పెరుగుతుంది. నష్టం వచ్చే వ్యాపారం మూతపడుతుందని అందరికీ తెలుసు, లాభం వచ్చే వ్యాపారం కూడా ఎదుగుతుండగానే చేతిలో రొక్కం లేక మూతపడవచ్చని ఆ నెలలోనే మాకు అర్థమైంది. వసూలుకు వెళ్తే ఒక కొట్టాయన మా మరిదితో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: “ఏందబ్బాయా, డబ్బులు యాడికి పోతాయి? ఇంకో నాలుగు పెట్టెలు ఏసిపో, మే నెలాఖరుకి అన్నీ కలిపి లెక్క చూసుకుందాం.” ఆయన మోసగాడు కాడు, చివరకు అంతా ఇచ్చాడు. ఇటువంటి మంచివాళ్లు నలభై మంది ఉంటే చాలు, సరుకు చేసేవాడి చేతులు కట్టేసినట్టే.

వసూలైన రొక్కం తేవడంలో ఊహించని తలనొప్పి ఒకటి వచ్చింది. ఎన్నికల నియమావళి ఉండగా 50 వేలకు మించి నగదు తీసుకెళ్తూ కాగితాలు చూపలేకపోతే పట్టుకుంటారు. మా మరిదిని చెక్‌పోస్టులో ఆపి, బిల్లు పుస్తకాలు చూపించాక వదిలారు, ఆ పూటంతా దానికే పోయింది. అప్పటినుంచి చిన్న కొట్లన్నిటికీ మా ఫోన్‌పే స్కానర్ కాగితం ఇచ్చి వచ్చాం, దానివల్ల వసూలు కూడా కొంత త్వరపడింది.

పెద్ద సూపర్‌మార్కెట్ వాళ్ల కథ వేరు. పేరు చెప్పను. ముప్పై రోజుల్లో చెల్లిస్తామని నోటిమాటగా అన్నారు, డెబ్బై రోజులు దాటినా రాలేదు. అడిగితే తిరిగి వచ్చిన సరుకు విలువ తగ్గించాలన్నారు. అప్పుడు మా ఊరి ఆడిటరు గారు రెండు విషయాలు చెప్పారు, అవి ఉద్యమ్ నమోదు ఉన్న ప్రతి తయారీదారుకూ పనికొస్తాయి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల (ఎం.ఎస్.ఎం.ఇ.) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజులకు మించి గడువు పెట్టకూడదు, ఒప్పందమే లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి, ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ చక్రవడ్డీగా పడుతుంది. రెండోది, 2024 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఆదాయపు పన్ను నిబంధన. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు ఆ గడువులోగా చెల్లించని బిల్లును కొన్నవారు ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేరు, నిజంగా చెల్లించిన ఏడాదిలోనే చూపాలి. ఈ రెండూ రాసి, ఉద్యమ్ నంబరు వేసి మర్యాదగా ఒక ఉత్తరం పంపాను. ప్రభుత్వ సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేసే అవసరం రాకుండానే మూడు వారాల్లో డబ్బు పడింది. వీధి కిరాణా కొట్టుకు ఈ ఉత్తరాలు పనిచేయవు, అక్కడ మనిషి వెళ్లి నిలబడాల్సిందే.

ఇక తిరిగి వచ్చిన సరుకు సంగతి. కొట్టువాళ్లు కొత్త సరుకును గిరాకీల కంట పడాలని రోడ్డు వైపు, ఎండలో పెడతారు. నిమ్మరసానికి వెలుతురు, వేడి రెండూ శత్రువులే. లేత పసుపు ద్రవం ఆరేడు వారాల్లో టీ డికాషన్ రంగుకు తిరుగుతుంది. పాడు కాదు గాని ఎవరూ కొనరు. జూన్‌లో వాన మొదలవగానే అవన్నీ వాపసు వచ్చాయి. షెడ్డులో పక్కపక్కనే నిలబెట్టి చూస్తే, కొట్టు లోపలి అరల్లో ఉన్న సీసాలకూ బయట ఉన్న వాటికీ తేడా చిన్నపిల్లవాడికి కూడా తెలుస్తుంది. అప్పటినుంచి లేబుల్‌ను సీసా చుట్టూ పూర్తిగా కప్పేలా మార్చాం, సీసాకు రూపాయిన్నర పెరిగింది. పెట్టె మీద “ఎండలో పెట్టరాదు” అని ముద్ర వేశాం, దాన్ని చదివేది మా సరుకు మోసే కుర్రాడొక్కడే.

కె.ఎం.ఎస్. దగ్గర కూడా ఎదుగుదల దశ పరీక్ష పెడుతుంది. స్క్వాష్‌లో దాన్నుంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ 350 పి.పి.ఎం. (పది లక్షల్లో 350 వంతులు) మించకూడదు, అంటే కిలోకు 0.6 గ్రాము కె.ఎం.ఎస్. దాకా. నిలవ రసంలో ముందే కలిపింది కూడా ఈ లెక్కలోకే వస్తుంది. పది లీటర్లు చేసేటప్పుడు నేనే తూచేదాన్ని. రోజుకు మూడు వాయిలు నడిచినప్పుడు పనివాళ్లు చెంచాతో కొలిచి వేయడం కంటపడింది, ఆ రోజు వాయి మొత్తం ఆపి ల్యాబుకు నమూనా పంపించి, ఫలితం వచ్చేదాకా పది రోజులు బయటకు వదల్లేదు. ఫలితం పరిమితిలోనే ఉంది. మే నెలలో పది రోజులు సరుకు ఆపడమంటే ఏమిటో ఈ వ్యాపారంలో ఉన్నవారికి వేరే చెప్పనక్కర్లేదు. రసం తక్కువ వేసి సిట్రిక్ యాసిడ్‌తో పులుపు సరిపెట్టమనీ, నాలుక తేడా పట్టదనీ సలహా ఇచ్చినవాళ్లు కూడా ఆ నెలలోనే వచ్చారు. మాకు ఆ మాట నచ్చలేదు. ఎదిగే దశలో రుచి మారితే, ఆ రుచినే జనం మన రుచిగా గుర్తుపెట్టుకుంటారు. ఆ తర్వాత దిద్దుకున్నా, మొదటి సీసా తాగినవాడు తిరిగి రాడు.

జులైలో రొట్టెల పండుగ వచ్చింది. స్వర్ణాల చెరువు దగ్గర బారా షహీద్ దర్గాకు వచ్చే జనానికి గ్లాసు లెక్కన అమ్మాం. రంగు తిరగని వాపసు సీసాలు అక్కడే చెల్లిపోయాయి, ముఖ్యంగా ఆ ఐదు రోజులూ ప్రతి రూపాయీ రొక్కంగా వచ్చింది.

2024-25లో మా అమ్మకాలు 12 లక్షలు దాటబోతున్నాయని నవంబరులోనే తేలింది. అప్పటి నిబంధన ప్రకారం దాటితే ప్రాథమిక నమోదు చాలదు, రాష్ట్ర లైసెన్సు కావాల్సి వచ్చేది. మా స్థాయి తయారీకి అప్పట్లో రుసుము ఏడాదికి 3,000 రూపాయలు, అది పెద్ద సంగతి కాదు. షెడ్డు నక్షా, యంత్రాల జాబితా, గుర్తింపు ఉన్న ల్యాబు నుంచి నీటి పరీక్ష ఫలితం, ఆహార భద్రత ప్రణాళిక, ఇవన్నీ కూర్చడానికే నెల పట్టింది. తనిఖీకి వచ్చిన అధికారి గోడకూ నేలకూ మధ్య మూల గుండ్రంగా లేదనీ, లైట్లకు తొడుగులు లేవనీ రాశారు, ఆ రెండూ చేయించడానికి 22 వేలయింది. దరఖాస్తు నుంచి లైసెన్సు చేతికి రావడానికి దాదాపు రెండు నెలలు. వచ్చాక పాత నంబరు ఉన్న లేబుళ్లన్నీ పనికిరాకుండా పోయాయి. ఎదుగుతున్నవాళ్లు లేబుళ్లు చవకగా వస్తాయని ఏడాదికి సరిపడా వేయించకండి. వేసేటప్పుడు మిల్లీలీటరు ధర, సల్ఫైట్ ఉందన్న ప్రకటన, కె.ఎం.ఎస్.ను సూచించే ఐ.ఎన్.ఎస్. 224 అన్న సంఖ్య, ఆకుపచ్చ చుక్క ఉన్నాయో లేదో అచ్చుకు ముందే చూసుకోవాలి.

2025 వేసవిలో మేము చేసింది ఒక్కటే, కొట్ల సంఖ్య తగ్గించడం. ముందు బిల్లు తీరితే గాని తర్వాతి పెట్టె దిగదన్నాం. మూడో వంతు కొట్లు మమ్మల్ని వదిలేశాయి. ఆ అరల్లో మా సీసాను పోలిన సీసా, దాదాపు మా లేబుల్ రంగుతోనే, ఇరవై రూపాయలు తక్కువకు వచ్చి కూర్చుంది. మా మరిదికి కోపం వచ్చింది, నాకూ రాకపోలేదు. అయినా మిగిలిన కొట్లలో అమ్మకం నిలకడగా ఉంది, ధర తగ్గించలేదు, జూన్ చివరికి బ్యాంకు కిస్తీలన్నీ కట్టి చక్కెర వ్యాపారికి బాకీ లేకుండా ఉన్నాం. దీన్నే నిలకడ దశ అంటారేమో. ఇందులో మేము కొత్తగా చేసేదేమీ లేదు. ఏ కొట్లు, ఏ గడువు, ఏ రుచి అన్నవన్నీ 2024 ఏప్రిల్, మే నెలల్లో ఊపిరాడని రోజుల్లో తేలిపోయినవే.

తగ్గుదల దశ కూడా చూశాం, అల్లం కలిపిన రకంలో. మొదటి వేసవి బాగా పోయింది, రెండో వేసవికి సగమైంది. వానాకాలంలో అన్నిటి అమ్మకం పడిపోతుంది కాబట్టి జూన్ అంకెను చూసి ఏదీ నిర్ణయించకూడదు, ఏప్రిల్‌ను ఏప్రిల్‌తోనే పోల్చాలి. అలా పోల్చాకే దాన్ని ఆపేశాం. మిగిలిన పెట్టెలను సగం ధరకు హాస్టళ్లకు ఇచ్చాం.

ప్రస్తుతం యార్డులో కాయ చవకగానే ఉంది, రసం తీత నడుస్తోంది. డ్రమ్ముల సంఖ్యను ఈసారి ఆర్డర్లను బట్టి కాక, మే నెలాఖరుకు ఎంత వసూలైందో ఆ మొత్తాన్ని బట్టి నిర్ణయించాం. ఇంకా ఎక్కువ నింపుదామని మా మరిది అంటున్నాడు, కావలి వ్యాపారి నుంచి పాత బాకీ వస్తే చూద్దామని చెప్పాను.